మన కుక్క, పొరుగింటి వాకిలి
(వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

ఈ యేడు ఏ విషయం మీద మాట్లాడతారని కమిటీవారు ఫోన్ చేసి అడిగితే "కుక్కల గురించి" అన్నాను. అవతల కాసేపు మాట లేదు. తర్వాత, "ఆడపిల్లల చదువు గురించి చెప్తారనుకున్నాం మేడమ్" అన్నారు. అది ఎన్నో ఏళ్లుగా చెప్తూనే ఉన్నాను, ఇన్‌షా అల్లాహ్ ఇక ముందూ చెప్తాను. ఈసారి విషయం చిన్నది. కానీ ఈ చిన్న విషయమే మా గల్లీలో రెండిళ్ల మధ్య నాలుగు నెలలు మాటలు లేకుండా చేసింది. ఆ రెండిళ్లలో ఒకటి మాది. తప్పు కూడా మాదే. అందుకే నేనే చెప్పాలనుకున్నాను.

మా చిన్నోడు హైదరాబాద్‌లో చదువు ముగించుకుని సూర్యాపేటకు వచ్చేటప్పుడు స్నేహితుడి దగ్గర్నుంచి ఒక లాబ్రడార్ పిల్లను తెచ్చాడు. గోధుమరంగు, బుగ్గలు వేలాడేసుకుని చూడముచ్చటగా ఉండేది. మా అత్తగారు చూసి గడప దగ్గరే ఆపేశారు. "నమాజు చేసుకునే ఇంట్లో కుక్కేంట్రా" అన్నారు. చాలాసేపు వాదించుకున్నాక మేడ మీద రేకుల షెడ్డు వేసి అక్కడ పెట్టాలని ఒప్పందం కుదిరింది. ఆమె బట్టలకు అది తగలకూడదు, వంటింటి వైపు రాకూడదు, మెట్ల మీద వెంట్రుక కనపడకూడదు. ఇవన్నీ మేం తు.చ. తప్పకుండా పాటించాం. మా ఇల్లు అద్దంలా ఉండేది.

మరి ఆ కుక్క మలమూత్రాలు ఎక్కడికి పోయేవి? ఫజర్ అజాన్‌కు ముందే మావాడు దాన్ని గొలుసుతో గల్లీలోకి తీసుకెళ్లేవాడు. అది సరిగ్గా పక్కింటి గేటు దగ్గర, వాళ్లు ముచ్చటగా పెంచుకున్న చిన్న గడ్డి చాప మీద పని కానిచ్చుకుని వచ్చేది. వాడు ఫోన్ చూసుకుంటూ నిలబడేవాడు. ఆ తర్వాత పది నిమిషాలకు పక్కింటి అక్క చీపురు పట్టుకుని బయటికి వచ్చేది. సాన్పు చల్లి ముగ్గు వేసే వాకిలి అది. ముందు మా కుక్కది ఎత్తిపోసి, కడిగి, అప్పుడు ముగ్గు వేసేది.

రెండు నెలలు ఆమె ఒక్క మాట అనలేదు. తులసి కుండీని గేటు దగ్గర్నుంచి లోపలికి జరిపింది. మాతో మాట తగ్గించింది. మూడో నెలలో ఒకరోజు కాలనీ వాట్సాప్ గ్రూపులో ఎవరో ఫొటో పెట్టారు. ఆమె పెట్టలేదు, ఇంకెవరో. కింద రాసింది చూసి నా గుండె జారిపోయింది. అందులో 'కుక్క' అనే మాట లేదు, 'వాళ్లు' అని ఉంది. "వాళ్లు ఇంతే" అని. దానికి మన పిల్లల్లో ఒకడు ఇంకా ఘాటుగా జవాబు రాశాడు. మధ్యాహ్నానికల్లా అది కుక్క మలం గొడవ కాకుండా పోయింది. ఏమైందో మీకు చెప్పక్కర్లేదు, మీరంతా ఏదో ఒక గ్రూపులో ఉన్నవాళ్లే.

ఆ సాయంత్రం నేను ఆ ఇంటికి వెళ్లాను. చిన్నోణ్ని వెంట తీసుకెళ్లాను. "అక్కా, తప్పు మాది" అన్నాను. ఆమె చాప వేసి కూర్చోబెట్టి చాయ్ ఇచ్చింది. "కుక్కకేం తెలుసు టీచరమ్మా. దాని మీద నాకు కోపం లేదు. మీ బాబు చూసి కూడా చూడనట్టు పోయాడు, అదే మనసుకు కష్టమనిపించింది" అంది. ఇంకో మాట కూడా అంది. మెల్లగానే అంది కానీ నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు. "మీ అత్తమ్మ నమాజుకు ఇల్లు ఎంత శుభ్రంగా పెట్టుకుంటారో నాకు తెల్వదా? నా వాకిట్లో కూడా దేవుడున్నాడు కదమ్మా."

మిత్రులారా, నేను ఈ సభలో అడగదలచింది ఇదే. వుజూకు నీళ్లు చిందకుండా చూసుకునే మనం, మన ఇంటి అశుద్ధాన్ని పక్కవాళ్ల గుమ్మం మీద పడేసి, ఆ తర్వాత ముసల్లా పరుచుకుంటే ఆ శుభ్రతకు అర్థమేమిటి? గేటు లోపలి నేల మనదైనప్పుడు గేటు బయట మన కుక్క చేసింది కూడా మనదే. అది మలం కావచ్చు, మొరుగుడు కావచ్చు, కాటు కావచ్చు.

ధర్మం సంగతి ఉలమాను అడగండి, నేను బయాలజీ చెప్పే టీచర్‌ని. అయినా మనమంతా చిన్నప్పటి నుంచి విన్నవే కొన్ని గుర్తు చేస్తాను. కుక్క లాలాజలం తగిలిన పాత్రను ఎలా శుద్ధి చేయాలో మనకు వెంటనే గుర్తొస్తుంది. దాహంతో నాలుక బయటపెట్టి మట్టి నాకుతున్న కుక్కకు బావిలో దిగి తన తోలుచెప్పుతో నీళ్లు తెచ్చి తాగించిన మనిషిని అల్లాహ్ క్షమించాడన్న హదీసు మాత్రం అంత తొందరగా గుర్తురాదు. దివ్య ఖుర్ఆన్‌లో కహఫ్ సూరాలో గుహలో నిద్రించిన యువకులతోపాటు గుమ్మం దగ్గర ముందుకాళ్లు చాపుకుని ఉన్నది కుక్కే. పశువులకు, పంటకు కాపలాగా, వేటకు కుక్కను పెంచుకోవడానికి అనుమతి ఉంది. కాబట్టి కుక్కను పెంచేవాణ్ని చూసి ముఖం చిట్లించనక్కర్లేదు, రాళ్లతో కొట్టే పిల్లవాణ్ని చూసి ఊరుకోనూ కూడదు. కానీ ఇవన్నీ కుక్కకూ మనకూ మధ్య సంగతులు. పొరుగువాడికీ మనకూ మధ్య సంగతి వేరు. ఎవరి కీడు గురించి పొరుగువాడు భయపడుతూ బతకాల్సి వస్తుందో, అతని విశ్వాసం గురించి దైవప్రవక్త (సఅసం) ఎంత గట్టిగా చెప్పారో ఈ సభలో తెలియనివారు లేరు. ఆ పొరుగువాడు ముస్లిమా కాదా అన్న షరతు అక్కడ లేదు. జనం నడిచే దారిలో, కూర్చునే నీడలో మలవిసర్జన చేయవద్దన్నదీ, దారిలో అడ్డును తొలగించడం విశ్వాసంలో భాగమన్నదీ మనకు తెలిసిన బోధలే. మనిషికి వర్తించే దాన్ని మన చేతిలో గొలుసున్న జంతువుకు వర్తించదని ఎలా అంటాం?

ఇప్పుడు కాస్త నా సబ్జెక్టులోకి వస్తాను. పిల్లలకు చెప్పినట్టే చెప్తాను, విసుక్కోకండి.

కుక్క మలం చూడటానికి మాత్రమే చెడ్డది కాదు. కుక్కల కడుపులో, ముఖ్యంగా పిల్లల కడుపులో, ఏలికపాముల వంటి పొడవాటి పురుగులుంటాయి. వాటి గుడ్లు మలంతో బయటికొస్తాయి. ఆ గుడ్డు బయటపడిన రోజే మనిషికి అంటుకోదు. మట్టిలో రెండు నుంచి నాలుగు వారాలు ఉంటేనే అంటుకునే స్థితికి వస్తుంది. ఆ తర్వాత నెలల తరబడి మట్టిలో బతికే ఉంటుంది. మలం ఎండి కనపడకుండా పోయినా గుడ్డు అక్కడే ఉంటుంది. అక్కడ ఆడుకున్న పిల్లవాడు చేయి కడుక్కోకుండా నోట్లో పెట్టుకుంటే లోపలికి పోతుంది. అరుదుగా కంటికి చేరి చూపు మీద కూడా దెబ్బ కొడుతుంది. కొంకిపురుగు పిల్లలైతే చెప్పుల్లేని కాలి చర్మంలోంచే దూరి, చర్మం కింద ఎర్రటి వంకర గీతలుగా దురద పెడతాయి. దీని అర్థం చాలా సులువు. ఈరోజు పడినదాన్ని ఈరోజే ఎత్తేస్తే ఆ గుడ్డుకు ఆ రెండు వారాల గడువే దొరకదు. కుక్కకు పశువైద్యుడు చెప్పిన ప్రకారం పురుగుల మందు, పెద్దదానికి మూడు నెలలకోసారి, వేయిస్తే అసలు గుడ్లే తగ్గుతాయి.

మూత్రం సంగతి కోదాడలో తెలిసింది. అక్కడ పనిచేసినప్పుడు మేం అద్దెకున్న ఇంటి ఎదురుగా ఒక రిటైర్డ్ ఉద్యోగి ఉండేవారు. ఇంటి ముందు మంచి పచ్చిక పెంచారు. అక్కడక్కడా పళ్లెమంత మేర పసుపుపచ్చగా మాడిపోయేది, చుట్టూ అంచు మాత్రం మరీ పచ్చగా ఉండేది. ఆయన నీళ్లు చాలలేదనుకుని ఇంకా పెట్టేవారు, మందులు కొట్టేవారు. చివరికి వీధి చివరి ఇంటివాళ్ల పెంపుడు కుక్క రోజూ వచ్చి పోతోందని తేలింది. సాగర్ ఎడమ కాలువ కింద వరి పండించే మన రైతులకు ఇది చెప్పాల్సిన పనే లేదు. యూరియా బస్తా గట్టు మీద చిరిగి ఒకేచోట కుప్పపడితే అక్కడ పైరు మాడుతుంది, పక్కన ముదురు ఆకుపచ్చగా లేస్తుంది. కుక్క మూత్రంలో ఉన్నదీ ఆ నత్రజనే. వెంటనే ఒక చెంబెడు నీళ్లు పోస్తే పలచబడి గడ్డి బతుకుతుంది. కానీ చెంబు పట్టుకుని ఎవరు తిరుగుతారు? అందుకే ఎవరి గడ్డి మీదికీ గొలుసు పోనివ్వకపోవడమే మేలు. ఆ పెద్దాయన ఆ ఇంటికి వెళ్లి చెప్తే, "మా కుక్కే అని మీరు చూశారా?" అని అడిగారట. చూడలేదు కాబట్టి తిరిగొచ్చారు. ఆ జవాబు ఎవరూ ఇవ్వకండి. "చూస్తాం అంకుల్, మాదైతే మేమే బాగుచేస్తాం" అంటే పోయేదేముంది?

మా ఇంట్లో ఇప్పుడు ఏం చేస్తున్నామో చెప్తాను. మావాడి జేబులో రెండు పాత న్యూస్‌పేపర్ ముక్కలు, ఒక కవరు ఉంటాయి. గల్లీ దాటి ఖాళీ స్థలం వచ్చేదాకా గొలుసు పొట్టిగా పట్టుకుంటాడు. అక్కడ అది కూర్చోగానే, తర్వాత కాగితంతో ఎత్తి, కవరులో ముడివేసి ఇంటికి తెచ్చి, మున్సిపాలిటీ బండికి విడిగా ఇస్తాం. ఖాళీ స్థలమైనా వదిలి రాడు, ఎందుకంటే సాయంత్రం అక్కడే పిల్లలు క్రికెట్ ఆడతారు. మొదటి వారం సిగ్గుపడ్డాడు. "అమ్మీ, అందరూ చూస్తున్నారు" అన్నాడు. చూడనీ అన్నాను. రెండు నెలలకు ఇంకో ఇంటివాళ్లు కూడా కవరు పట్టుకుని బయల్దేరారు.

బాధపడ్డవారికీ ఒక మాట. ఫొటో తీసి గ్రూపులో పెట్టే ముందు తలుపు తట్టండి. ఒకసారి తట్టండి, వినకపోతే పెద్దవాళ్లను తోడు తీసుకెళ్లి ఇంకోసారి తట్టండి. అప్పటికీ వినకపోతే మున్సిపాలిటీ ఉంది. ఆ మూడు మెట్లూ దాటకుండా నేరుగా ఫోన్‌లోకి ఎక్కితే, చదివే రెండు వందల మందిలో కుక్కను చూసినవాళ్లు ఇద్దరే ఉంటారు, మిగతావాళ్లకు పేర్లే కనపడతాయి.

మలమూత్రాల గురించి నవ్వుకుంటూ చెప్పుకోవచ్చు. కాటు గురించి నవ్వలేం.

మిర్యాలగూడ దగ్గర పనిచేసినప్పుడు ఏడో తరగతి పిల్లవాడొకడు కుంటుతూ బడికొచ్చాడు. పిక్క మీద గుడ్డ కట్టుకున్నాడు. విప్పి చూస్తే నాలుగు పళ్ల గాట్లు, పైన ఎర్రగా కారం ముద్ద. కరిచి రెండు రోజులైంది. వాళ్ల నాన్న రైస్‌మిల్లులో హమాలీ. కుక్క కాస్త పలుకుబడి ఉన్నవాళ్లది. "పెంపుడు కుక్కే, ఏం కాదు, ఇంట్లో తిండి తినేది" అని చెప్పి పంపించారట. టీకా వేయించారా అని నేను వెళ్లి అడిగితే, వేయించలేదని వాళ్లే ఒప్పుకున్నారు. పిల్లవాణ్ని గవర్నమెంటు ఆసుపత్రికి తీసుకెళ్లాం. అదృష్టం కొద్దీ ఆ రోజే సూది పడింది, అల్‌హందులిల్లాహ్ ఈరోజు వాడు లారీ నడుపుకుంటూ బాగున్నాడు. కానీ నన్ను కలచివేసింది వేరే. రెండో సూదికి వాళ్లమ్మ రాలేదు. బొడ్డు చుట్టూ పద్నాలుగు సూదులు పొడుస్తారని ఎవరో భయపెట్టారు. దానికి తోడు ఒకరోజు కూలి పోతుంది, ఆటోకు డబ్బుల్లేవు. నేను తరగతి ఇంకొకరికి అప్పగించి వెళ్లి పట్టుకొచ్చాను.

ఆ పద్నాలుగు సూదుల కాలం పోయింది. ఇప్పుడు సూది భుజానికే. చర్మంలో వేసే పద్ధతిలో అయితే కరిచిన రోజు, 3వ రోజు, 7వ రోజు, 28వ రోజు వెళ్లాలి. ప్రభుత్వాసుపత్రిలో డబ్బు తీసుకోరు. గాయం లోతుగా ఉండి రక్తం వస్తే సూదితోపాటు గాయంలో సీరం కూడా వేయాలి, అది అడిగి వేయించుకోవాలి. అంతకన్నా ముందు, ఇంట్లోనే, కుళాయి కింద సబ్బుతో 15 నిమిషాలు కడగాలి. గడియారం చూసి 15 నిమిషాలు. కారం, సున్నం, పసరు, నూనె ఏదీ పెట్టకూడదు. రేబిస్ లక్షణాలు బయటపడ్డాక కాపాడే మందు దాదాపు లేదు. ముందే టీకా వేస్తే దాదాపు ఎప్పుడూ రాదు. ఇంత ప్రాణాంతకమై, ఇంత సులువుగా ఆపగలిగే జబ్బు ఇంకొకటి నాకు తెలియదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కల్లో రేబిస్ మరణాల్లో మూడో వంతుకు పైగా మన దేశంలోనే. పోయేవారిలో చాలామంది పిల్లలు, ఎందుకంటే కరిచిన సంగతి వాళ్లు తిడతారన్న భయంతో ఇంట్లో చెప్పరు.

2023 ఫిబ్రవరిలో హైదరాబాద్ అంబర్‌పేటలో నాలుగేళ్ల పిల్లవాణ్ని వీధికుక్కలు చంపిన వీడియో మీలో చాలామంది చూశారు. నేను సగంలో ఆపేశాను. ఆ తర్వాత కూడా మన వీధుల్లో ఏం మారింది? అందరం మున్సిపాలిటీని తిట్టాం. తిట్టాల్సిందే, కుక్కలకు ఆపరేషన్లు, టీకాలు వాళ్ల బాధ్యతే. 2023లో వచ్చిన జంతు జనన నియంత్రణ నిబంధనలు అదే చెప్తున్నాయి. 2025 ఆగస్టు 22న సుప్రీంకోర్టు కూడా ఆపరేషన్, టీకా అయిన కుక్కల్ని పట్టిన చోటే వదలాలని, పిచ్చివాటిని, మీదపడేవాటిని వదలకూడదని, తిండి ఎక్కడ పడితే అక్కడ కాకుండా నిర్ణయించిన చోట్లే పెట్టాలని చెప్పింది. నవంబరు 7న బడులు, ఆసుపత్రులు, బస్టాండ్లలో కుక్కలు లేకుండా చూడమంది. టీచర్‌గా నాకు ఆ రెండో తీర్పు సంతోషమే. కానీ మా బడి గేటు ఎదురుగా కోడిమాంసం కొట్టువాళ్లు సాయంత్రం పేగులు విసిరేస్తుంటే ఏ కోర్టు తీర్పు మా గేటును కాపాడుతుంది?

ఇక్కడ మనవాళ్ల గురించే చెప్పాలి, కోపం తెచ్చుకోకండి. మన మూడు పట్టణాల్లో మాంసం వ్యాపారంలో మనవాళ్లు ఎక్కువ. కొట్టు మూసేటప్పుడు మిగిలినవి కాలువలోకి తోసేసి పోతే, ఆ వీధిలో కుక్కల గుంపు తయారవుతుంది. బక్రీద్‌నాడు ఖుర్బానీ మాంసం మూడు భాగాలు ఎంత జాగ్రత్తగా చేస్తామో, పొట్టలోంచి తీసిన పేడ, రక్తం, పనికిరాని పేగుల విషయంలో అంత అజాగ్రత్తగా ఉంటాం. ఖాళీ ప్లాటులో పారేస్తాం. ఆ ప్లాటు పక్కిల్లు ఎవరిది? మూడు రోజులు ఆ వాసన ఎవరు భరిస్తారు? ఆ మూడు రోజుల్లో అలవాటైన కుక్కలు నాలుగో రోజు తిండి లేక ఎవరి పిల్లల వెంట పడతాయి? లోతుగా గొయ్యి తీసి, వేసి, సున్నం చల్లి పూడ్చడానికి ఒక గంట పని. గొయ్యి తీసే జాగా లేకపోతే మున్సిపాలిటీ ట్రాక్టరు కోసం ముందురోజే చెప్పిపెట్టాలి. జాలితో వీధికుక్కలకు అన్నం పెట్టేవారు కూడా ఇంటి గుమ్మాలకు, మెట్లకు, పిల్లలు ఆడే చోటుకు దూరంగా పెట్టాలని ఆ 2023 నిబంధనల్లోనే ఉంది. తిండి పెట్టడం పుణ్యమే, కానీ పక్కింటి గేటు ముందు పెట్టకండి.

పెంచేవారికి చట్టం కూడా గుర్తుండాలి. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత 291వ సెక్షన్ ప్రకారం, తన దగ్గరున్న జంతువు వల్ల మనుషులకు ప్రమాదం జరగకుండా చూసుకోని యజమానికి ఆరు నెలల వరకు జైలు, 5000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. కుక్కను చంపినా, కాలు విరగ్గొట్టినా అదే చట్టం 325వ సెక్షన్‌లో ఇంకా పెద్ద శిక్ష ఉంది. విషం పెట్టాలన్న ఆలోచన ఎవరికైనా వస్తే అది ధర్మంలోనూ లేదు, చట్టంలోనూ లేదు.

దాతలను నేను ఈసారి అడిగేది పెద్ద మొత్తం కాదు. సొసైటీ నుంచి రెండు పనులు చేయించండి. ఒకటి, బక్రీద్ మూడు రోజులు మూడు పట్టణాల్లోనూ వ్యర్థాలు ఎత్తడానికి ఒక్కో ట్రాక్టరు, నలుగురేసి కుర్రాళ్లు. రెండోది, కుక్క కరిచిన కూలి కుటుంబాల పిల్లలకు నాలుగుసార్లు ఆసుపత్రికి పోయిరావడానికి ఆటో ఛార్జీలు, తోడు వెళ్లిన అమ్మకో నాన్నకో ఆ రోజు కూలి. ఏ మతం పిల్లలైనా సరే. సూది ఉచితమే, దారి ఖర్చే ఉచితం కాదు. బడిలో టీచర్లు పేరు రాసిస్తే చాలు, ఇంకే సర్టిఫికెట్లూ అడగొద్దు. అడిగితే మూడో సూదికి కూడా రారు.

మా ఇంటి సంగతి అడుగుతారని తెలుసు. కుక్క ఇంకా మేడ మీదే ఉంది. ఏటా టీకా వేయించి కార్డు పక్కింటి అక్కకు కూడా చూపించాం, ఆమె మనవడు దానితో ఆడుకుంటాడు కాబట్టి. అత్తగారు ఇప్పటికీ దాన్ని తాకరు, కానీ ఎండాకాలం మధ్యాహ్నం "దాని గిన్నెలో నీళ్లున్నాయా?" అని మూడుసార్లు అడుగుతారు. తులసి కుండీ మళ్లీ గేటు దగ్గరికి వచ్చింది. వాట్సాప్ గ్రూపులో ఆ మెసేజులు ఎవరూ తీసేయలేదు, అలాగే ఉన్నాయి. ఆ మధ్య ఒకసారి పైకి జరిపి చూస్తే కనపడ్డాయి.

ఆటో ఛార్జీల ఖర్చు ఎంతవుతుందో అంచనా వేసి కాగితం కోశాధికారిగారికి ఇచ్చాను. భోజనాల దగ్గర ఎవరికైనా అనుమానాలుంటే అడగండి, నేను ఇక్కడే ఉంటాను. వస్సలామ్.